చిలకల తాను

మా వీధి చివర కుట్టుపని నేర్పే చోట కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని మొన్న నన్ను పిలిచారు. కుర్చీ వేశారు, మైకు పెట్టారు. "బాగా కుట్టండి" అని ఒక్క మాట అని, టీ తాగి వచ్చేశాను. జీవితమంతా పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడినవాణ్ణి. సూదులు లేకపోతే నాకు నోరు తిరగదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎన్ని మిషన్లు పెట్టానో, ఏ పెద్దమనిషి పెళ్ళికి సూటు కుట్టానో ఇందులో ఉండదు. పని నాకు ఏం నేర్పిందో, నేను ఎక్కడ కాలు జారానో, ఒక ముసలాయన తన ఇంటిల్లిపాదికీ ఒకే గుడ్డ కుట్టించాలని పట్టుపట్టి నన్ను ఎలా దారిలో పెట్టాడో, అది ఉంటుంది.

టేపుకు తెలిసేవి

దర్జీ పని సగం గుడ్డతో, సగం ఇళ్ళతో. ఒక ఇంటికి కొన్నేళ్ళు వరసగా కుడితే ఆ ఇంటి సంగతులు ఇంట్లోవాళ్ళకంటే మనకే ముందు తెలుస్తాయి. పోయినేడు ఇచ్చిన నడుం కొలత ఈ ఏడు బాగా తగ్గిందంటే ఆ మనిషికి ఒంట్లో బాగాలేదు, లేదా ఇంట్లో పోరు ఎక్కువైంది. పెద్దవాడి లాగు కత్తిరించి రెండోవాడికి కుట్టమని తెచ్చారంటే ఆ ఏడు ఇల్లు గడవడం కష్టంగా ఉంది. ఆడవాళ్ళకు మేం టేపు పెట్టేవాళ్ళం కాదు, ఆది రవిక పంపేవారు. దానితోపాటు "ఈసారి జర వదులుగ కుట్టుమన్నది" అని కబురు వచ్చిందా, అత్తగారికి ఇంకా చెప్పని శుభవార్త నాకు తెలిసిపోయేది. మాట్లాడకుండా పక్క కుట్లలో గుడ్డ ఎక్కువ వదిలేవాణ్ణి.

కొత్తగా కత్తెర పట్టేవాళ్ళకు నా మొదటి సలహా అదే. లోపల గుడ్డ వదలండి. పిల్లలు పెరుగుతారు, పెద్దలు లావెక్కుతారు. ఇవాళ ఒంటికి అంటుకున్నట్టు కుట్టి శభాష్ అనిపించుకునే దర్జీ, వచ్చే ఏడు తిట్లు తింటాడు. రెండో సలహా: బల్ల దగ్గర విన్నది బల్ల దాటనివ్వకండి.

ఖాదర్ మియా బల్ల

నేను నల్గొండ వైపు నుంచి హైదరాబాదు వచ్చింది 1956లో. మేం మేరవాళ్ళం, కుట్టుపని మా కులవృత్తి. మా నాయన ఊళ్ళో ఒక అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టేవాడు. నేను వచ్చేసరికి కర్నూలు నుంచి ఆఫీసులన్నీ ఇక్కడికి తరలి వస్తున్నాయి. ఆబిడ్స్ రోడ్డు మీద షేర్వానీల పక్కన ప్యాంట్లు నడిచేవి. షేర్వానీ కుట్టే ఉస్తాదులు చాలామంది "ఈ గొట్టాలు మేం కుట్టం" అని మొహం తిప్పుకుంటే, మా ఉస్తాద్ ఖాదర్ మియా మాత్రం రెండూ కుట్టాడు. "కాళ్ళు ఉన్నంతవరకు గొట్టాలుంటాయి" అనేవాడు.

ఆయన దుకాణంలో నేను ఒక మూల కూర్చుని గుండీలు కుట్టడంతో మొదలుపెట్టాను. ఆయన గుడ్డ కత్తిరించే ముందు దాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా నిమిరేవాడు. "పైలే కపడే కు సలాం కర్, బాద్ మే కైంచీ పకడ్" అని నాతో అనేవాడు. ముందు గుడ్డకు సలాం చెయ్యి, కత్తెర సంగతి తర్వాత. అలా నిమిరితే గుడ్డకు తల ఎటో, కాళ్ళు ఎటో చేతికి తెలుస్తుందని ఆయన నమ్మకం.

నేను నమ్మలేదు. నాకు కటింగు అప్పగించిన కొత్తలో ఒక పెళ్ళికొడుక్కి నల్ల మఖ్మల్ కోటు వచ్చింది. మఖ్మల్‌కు నూగు ఒకవైపే వాలి ఉంటుంది. నేను తొందరలో ఒక చెయ్యి గుడ్డను తిప్పి కత్తిరించాను. కుట్టాక చూస్తే ఒక చెయ్యి నల్లగా, ఇంకో చెయ్యి బూడిద రంగులో మెరుస్తోంది. ఉస్తాద్ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఆ కోటు నాకే తొడిగించి, నాంపల్లి స్టేషన్ దాకా నడిచి వెనక్కి రమ్మన్నాడు. లోపల బనీను, కింద ధోతి, పైన మఖ్మల్ కోటు. స్టేషన్ ముందు ఒక రిక్షావాడు నన్ను కిందికీ పైకీ చూసి, "క్యా మియా, ఆధా దూల్హా?" అన్నాడు. సగం పెళ్ళికొడుకునట. వెనక్కి వచ్చేసరికి ఉస్తాద్ కొత్త గుడ్డ తెప్పించి కోటు తనే కత్తిరిస్తున్నాడు. ఆ తర్వాత నేను గుడ్డకు సలాం చెయ్యకుండా కత్తెర ముట్టలేదు.

ఆయనలో లోపం లేకపోలేదు. ఎవరు ఎప్పుడు అడిగినా "జుమ్మాకు తీసుకెళ్ళండి" అనేవాడు. ప్రతి శుక్రవారం దుకాణం ముందు జనం పోగయ్యేవారు. ఆ సమయానికి ఆయన నమాజుకు వెళ్ళి ఉండేవాడు, తిట్లన్నీ నాకు మిగిలేవి. ఈ ఒక్క విద్య ఆయన దగ్గర నేర్చుకోకుండా ఉండాల్సింది. నేర్చుకున్నాను.

కత్తెర కింద మిగిలేది

కొన్నేళ్ళకు ఆబిడ్స్ నుంచి నాంపల్లి వెళ్ళే దారిలో, ఒక సందులో సొంత దుకాణం పెట్టాను. ఒక మిషను, ఒక బల్ల, ఒక అద్దం. స్టేషన్ వెనక రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. మా ఆవిడ సత్తెమ్మ ఇంటి దగ్గర కాజాలు కుట్టేది, అంచులు మడిచేది. "మాస్టరూ, కాజాలు కుట్టడంల నిన్ను మించినోడు లేడు" అని గిరాకీలు మెచ్చుకుంటే నేను తలవంచుకుని నవ్వేవాణ్ణి. వినయం అనుకునేవారు. ఆ కాజాల్లో ఒక్కటీ నాది కాదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇంటికి వెళ్ళి సత్తెమ్మతో కూడా అనలేదు.

ఇంకొకటి చెప్పాలి. కత్తిరించగా మిగిలిన గుడ్డ ఎవరిది? గిరాకీది. ఇందులో రెండో మాట లేదు. కానీ మా పనిలో అది దర్జీదే అన్నట్టు నడిచేది. మూరెడు ముక్క మిగిలితే చుట్టి బల్ల కిందికి తోసేవాళ్ళం. ఇంకా తెలివైనవాడు మిగిలేట్టు కత్తిరించేవాడు. నేను తెలివైనవాణ్ణి. మా ఇంట్లో దిండు గలీబులన్నీ ఎవరెవరి చొక్కాలో నేను చెప్పగలను.

రాజయ్య తెచ్చిన తాను

అరవైల నడుమ ఒక చలికాలం. బేగం బజార్‌లో కారం, చింతపండు, తాళ్ళు, గోనెసంచులు అమ్మే రాజయ్య మా దుకాణానికి వచ్చాడు. పాలమూరు దిక్కు నుంచి కూలికి వచ్చి, బస్తాలు మోసి, తర్వాత దుకాణం పెట్టుకున్న మనిషి. చంకలో ఒక తాను గుడ్డ. బల్ల మీద దాన్ని దొర్లించాడు. పసుపు నేల మీద పచ్చని చిలకలు, ఎర్రని ముక్కులు. ప్రతి చిలకా ఒక కొమ్మ మీద తల ఎత్తుకుని కూర్చుంది. దుకాణమంతా వెలుతురు వచ్చినట్టయింది.

"సుల్తాన్ బజార్ల తెచ్చిన మాస్టరూ. గింతే ఉండె. మొత్తం పట్టుకొచ్చిన."

"ఎవరికి పెద్దయ్యా?"

"అందరికి."

"అందరికి అంటే?"

"అందరికంటె అందరికే. మనుమలకు అంగీలు, మనుమరాండ్లకు గౌన్లు. ఇద్దరు కోడండ్లకు రవికెలు. కొడుకులకు అంగీలు కుడితె ఏసుకోరు, సర్కస్‌ల చేర్పిస్తవా అంటరు. ఆళ్ళకు చేతిరుమాళ్ళు కుట్టు. నాకు ఆకువక్కల సంచి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

ఆయన ఇద్దరు కొడుకులూ వేరుపడ్డారు. దుకాణం మధ్యన చెక్క అడ్డం కొట్టారు. ఒక పక్క పెద్దవాడు కారం, చింతపండు అమ్ముతాడు. ఇంకో పక్క చిన్నవాడు తాళ్ళు, సంచులు అమ్ముతాడు. కారం కొన్నవాడికి సంచి కావాలంటే దిగి, పక్క మెట్టు ఎక్కాలి. రాజయ్య రెండు మెట్ల నడుమ అరుగు మీద కూర్చుంటాడు. ఇల్లు కూడా అలాగే రెండు వాటాలైంది.

"ఎందుకు కొట్లాడిన్రు పెద్దయ్యా?"

"నాకే తెల్వది. ఆళ్ళకు యాదికుందో లేదో. కొడుకులన్న అప్పుడప్పుడు ఔ, కాదు అనుకుంటరు. కోడండ్లు మాటలే బంద్ చేసిన్రు." ఆయన చిలకల మీద చెయ్యి వేశాడు. "నుమాయిష్ మొదలైంది గద. ఇద్దరిని ఏర్వేరుగ రమ్మంట. గేటు కాడ కలుస్తరు. అందరు ఒక్కతీరు బట్టలల్ల నా ముంగట నడవాలె. ఒక్కసారి సూడాలె మాస్టరూ. ముందుగాల తెలిస్తె ఏసుకోరు. పెద్దకోడలు పిల్లలను పొద్దుగాల తోలుకొస్తది, చిన్నకోడలు పొద్దుగూకినంక. నువ్వు మాత్రం నోరు తెరవకు."

నుమాయిష్ అంటే నాంపల్లిలో ఏటా చలికాలంలో పెట్టే పెద్ద ఎగ్జిబిషన్. నాకు హుషారు వచ్చింది. మర్నాటి పొద్దున పెద్దకోడలు యాదమ్మ వచ్చింది. బొద్దుగా ఉండే మనిషి, గొంతు సందు చివరిదాకా వినిపిస్తుంది. ఆమె చిన్నకొడుకు శీను అయితే కొలత తీస్తుంటే టేపు నోట్లో పెట్టుకున్నాడు. సాయంత్రం చిన్నకోడలు లక్ష్మి వచ్చింది. సన్నటి మనిషి, మాట తక్కువ, కానీ వదిలితే సూది. ఆమె పిల్లలు వరసగా నిలబడి చేతులు చాపారు. ఇద్దరి పిల్లలూ ఇంచుమించు జతజతగా ఒకే ఈడు వాళ్ళు.

కొలతలన్నీ చూసుకుని రాజయ్యకు కబురు పెట్టాను. "పెద్దయ్యా, తాను సాలదు" అన్నాను.

ఆయన బాధపడతాడనుకున్నాను. మొహం చేటంత అయింది. "సాలదా?"

"సాలదు."

"నేను ఈ పట్నంల అడుగు పెట్టిననాడు నా ఎంట ఒక్క గొంగడి ఉండె మాస్టరూ. నాకెవలు లేరు. గా గొంగడే నాకు పక్క, గదే నాకు ఇల్లు. ఇయ్యాల తాను గుడ్డ సాల్తలేదా?" అని ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. "ఎట్లన్న చేసి సరిపెట్టు. నీ కత్తెర మీద నాకు నమ్మకం."

నేను సరిపెట్టాను. చెప్పుకోవలసింది ఎలా సరిపెట్టానన్నదే.

పెద్దింటి బట్టలు ముందుగా చిలకలు నిటారుగా ఉండేట్టు సుద్దతో గీశాను. వాటి మధ్య సందులు మిగిలాయి. చిన్నింటి బట్టల్ని తలకిందులుగా తిప్పి ఆ సందుల్లో పేర్చాను. అతికినట్టు సరిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంకాస్త దగ్గరగా జరిపితే చివర్న ఒక చిన్న పిల్ల గౌనుకు సరిపడా గుడ్డ మిగులుతుందని కనబడింది. మా పద్మకు అప్పుడు ఆరేళ్ళు. మొన్ననే దుకాణంలో ఈ చిలకల్ని చూసి, వాటి ముక్కు మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. జరిపాను. ఆ ముక్క కూడా వాడితే చిన్నింటివి కొన్నయినా నిటారుగా వచ్చేవని, వాడకపోతే ఆ పిల్లల ఒంటి మీద చిలకలు తలకిందులుగా ఉంటాయని నాకు తెలుసు. తెలియక చేసింది కాదు. గుడ్డకు సలాం చేసి మరీ చేశాను.

అంచులు మడవడానికి బట్టలు ఇంటికి తీసుకెళ్తే సత్తెమ్మ ఒక అంగీని ఎత్తి చూసింది.

"ఓ పద్మోళ్ళ బాపూ, గీ చిలకలేంది గబ్బిలాల లెక్క ఏలాడుతున్నయ్?"

"చిన్న చిలకలు. ఎవలు చూస్తరు?"

"ఆడోళ్ళు చూస్తరు."

"నువ్వు అంచులు కుట్టు" అన్నాను. పద్మ గౌను మాత్రం చిలకలు నిటారుగా వచ్చేట్టు నేనే కుట్టాను.

బొంబాయి ఫ్యాషను

పెద్దింటి మూట పొద్దున ఇచ్చేశాను. చిన్నింటిది సాయంత్రం. లక్ష్మి ఒక గౌను విప్పి దీపం దగ్గర పట్టుకుంది.

"మాస్టరూ, చిలకల తలకాయలు కిందికున్నయ్."

"కొత్త ఫ్యాషనమ్మా. బొంబాయిల ఇప్పుడు గిట్లనే కుడుతున్నరు."

ఆమె నన్నొకసారి, గౌనునొకసారి చూసి, మూట కట్టుకుని వెళ్ళింది.

పిల్లలకు కొత్త బట్టలిచ్చి నుమాయిష్ దాకా దాచుకోమంటే దాచుకుంటారా? మర్నాడు రెండిళ్ళ పిల్లలూ వాటిని తొడుక్కుని రాజయ్య దుకాణం ముందుకు వచ్చారట. ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు చూసుకున్నారట. తర్వాత యాదమ్మ పెద్దకొడుకు "మా చిలకలు కూసున్నయ్, మీ చిలకలు పడ్డయ్!" అని పాట ఎత్తుకున్నాడట. అంతే, బేగం బజార్ సగం అక్కడికి చేరింది. అందరికీ ఒకే గుడ్డ తెచ్చానని రాజయ్య అప్పుడు బయటపెట్టక తప్పలేదట.

గంట తిరగకముందే లక్ష్మి నా బల్ల మీద మూట విసిరింది. వెనకాల ఆయాసపడుతూ రాజయ్య.

"బొంబాయి ఫ్యాషనా మాస్టరూ? బొంబాయి మా ఇంటికే వచ్చిందా? పక్కింటి చెక్క దాటలేకపోయిందా?" మామగారి వైపు తిరిగింది. "ఇద్దరికి ఒక్కతీరు తెచ్చిన అంటిరి గద మామా. పెద్దోళ్ళయి సీదా, మాయి ఉల్టా. మమ్ముల ఎక్కడ పెట్టిన్రో ఇప్పుడు సమజైంది. నుమాయిష్‌కు మేం రాము."

"నాకు తెల్వది బిడ్డా, ఒట్టు" అన్నాడు రాజయ్య. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేనేదో చెప్తాననీ, దాంతో అంతా సర్దుకుంటుందనీ ఆశ ఉంది.

"గుడ్డనే గట్ల అచ్చయింది పెద్దయ్యా. మిల్లులనే తేడా" అన్నాను.

సరిగ్గా అప్పుడే మా పద్మ నా అన్నం టిఫిను పట్టుకుని వచ్చింది. ఒంటి మీద చిలకల గౌను. చిలకలన్నీ తల ఎత్తుకుని కూర్చున్నాయి.

నా పెదవుల మధ్య సూదులు అలాగే ఉన్నాయి.

"గీ పిల్ల చిలకలు గూడ సీదనే ఉన్నయ్" అంది లక్ష్మి మెల్లగా.

రాజయ్య పద్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "పేరేంది బిడ్డా?"

"పద్మ."

"గౌను మంచిగుంది. ఒక్కపారి తిరుగు."

అది గిర్రున తిరిగింది. ఆయన చూసి, లేచి, నా దగ్గరికి వచ్చాడు. నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు: "అడిగితె ఇయ్యకపోదునా మాస్టరూ?"

నన్ను చెంప మీద కొట్టినా బాగుండేది. సూదులు తీసి బల్ల మీద పెట్టాను. లక్ష్మికి ఉన్నదున్నట్టు చెప్పాను. మిల్లు తప్పు లేదు, మీ మామ తప్పు లేదు, ఫ్యాషనూ లేదు, నా బిడ్డ గౌను కోసం మీ పిల్లల బట్టలు తిప్పాను అని.

ఆమె నోరు తెరిచేలోపే రాజయ్య అందుకున్నాడు. "అయితె ఇగ ఏంది కోడలా, మన చిలకలు ఏసుకున్నది గద, ఇది గూడ మనింటి పిల్లనే. నుమాయిష్‌కు మాస్టరు ఇల్లంత మనెంట రావాలె."

లక్ష్మి కోపంగానే ఉంది. కానీ పెదవి ఒక పక్కకు వంగింది. "ఉన్న మనుమరాండ్లు సాల్తలేరా మామా మీకు?" అంది. తర్వాత నా వైపు వేలు చూపించి, "మాయి సీదా చేసేదాక మాత్రం నేను రాను" అంది.

మార్చిన చేతులు

ఇంటికి వెళ్ళి చెప్పాను. "నేను చెప్పలేదా" అని సత్తెమ్మ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. ఆమె ఒక అంగీని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"గుడ్డ లేదు, కొత్తగ కత్తిరించలేం" అంది. "పెద్దోళ్ళ చేతులు చిన్నోళ్ళకు, చిన్నోళ్ళ చేతులు పెద్దోళ్ళకు మార్చు. గౌన్లకు పై ముక్కలు మార్చు. పిల్లలు ఒకీడు వాళ్ళే గద. అందరియి జర సీదా, జర ఉల్టా అయితయ్. అప్పుడు ఎవలు ఎవలను అంటరు?"

నాకు తట్టని మాట. కానీ దానికి పెద్దింటి బట్టలు కూడా విప్పాలి. యాదమ్మ ఒప్పుకోవాలి. ఆమెను లక్ష్మి అడగదు, రాజయ్యను పంపడం ధర్మం కాదు. నేనే బేగం బజార్ వెళ్ళాను.

యాదమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. మొత్తం చెప్పాను. దొంగతనం అన్న మాట కూడా వాడాను. ఆమె చివరిదాకా విని, పకపకా నవ్వింది.

"మా పిల్లల చిలకలు తలకిందులైతె ఏమైతది మాస్టరూ? పిల్లలే దినమంత తలకిందుల తిరుగుతరు. తీస్కపో." మూట తెచ్చి ఇచ్చి, గొంతు పెంచింది, పక్క వాటాలో వినబడాలని. "మా మామ మొహం చూసి ఇస్తున్న. ఎవలో అడిగిన్రని గాదు. గా మాట చెప్పు!"

నేను చెప్పక్కర్లేకపోయింది. పక్క తలుపు వెనక నుంచి లక్ష్మి గొంతు వచ్చింది. "మాస్టరూ, నేనేం అడగలేదని గూడ చెప్పు!"

ఇద్దరి మధ్యా నేను నిలబడి, చెప్తాను తల్లీ, చెప్తాను అని తల ఊపాను.

తర్వాతి రోజుల్లో మా ఇల్లే దుకాణమైంది. పద్మ కుట్లు విప్పేది, సత్తెమ్మ కలిపేది, నేను మిషను తొక్కేవాణ్ణి. కోడళ్ళ రవికలకు చేతులు మార్చడం కష్టమైంది, ఒకరిది బొద్దు చెయ్యి, ఇంకొకరిది సన్న చెయ్యి. మొదట్లో చెప్పానే, లోపల గుడ్డ వదలమని. అది ఒక్కటి చేసి ఉన్నందుకు గట్టెక్కాను. పని ఎక్కువైందని విని ఖాదర్ మియా చూడటానికి వచ్చాడు. తలకిందుల చిలకను చూసి, "సలాం నై కియా నా?" అన్నాడు.

"కియా ఉస్తాద్. సలాం కర్కేచ్ చోరీ కియా." సలాం చేసే దొంగతనం చేశానన్నాను.

ఆయన గడ్డం నిమురుకుని, కూర్చుని ఒక అంగీకి కాలరు ఎక్కించాడు. వెళ్ళేటప్పుడు అక్కడున్న కాజాలు చూసి "మాషా అల్లా" అన్నాడు. "అవి సత్తెమ్మవి ఉస్తాద్. ముందునుంచీ ఆమెవే" అన్నాను. సత్తెమ్మ తల ఎత్తలేదు, కానీ సూదిలో దారం ఎక్కించడానికి ఆ పూట చాలాసేపు పట్టింది. చివర్న ఆమె పద్మ గౌనుకు కూడా ఒక చెయ్యి విప్పి చిలకల్ని తలకిందులు చేసింది. "మనయెందుకు సీదగుండాలె?" అంది.

గేటు దాటాక

రాజయ్య ఇప్పుడు లేడు. ఆ దుకాణం చేతులు మారి చాలా కాలమైంది. ఆయన ఏం సంపాదించాడని ఎవరైనా అడిగితే నాకు ఆ సాయంత్రమే కళ్ళ ముందుకు వస్తుంది.

నాంపల్లిలో నుమాయిష్ గేటు దగ్గర ఆయన కొత్త ఆకువక్కల సంచి నడుముకు చెక్కుకుని నిలబడ్డాడు. ఒక రిక్షా బారులో యాదమ్మ వాళ్ళు దిగారు. ఇంకో దాంట్లో లక్ష్మి వాళ్ళు. వెనకాల మేం నడిచి వచ్చాం. చిలకలు, చిలకలు, చిలకలు. టికెట్లు చింపేవాడు "ఏ ఊరి బ్యాండు మేళం?" అని అడిగాడు. "మా ఇంటి మేళం" అన్నాడు రాజయ్య.

కానీ నడక కుదరలేదు. యాదమ్మ వాళ్ళు కుడి పక్క దుకాణాలు చూస్తూ పోతే, లక్ష్మి వాళ్ళు ఎడమ పక్క పోయారు. కొడుకులిద్దరూ చేతిరుమాళ్ళు జేబుల్లో లోపలికి తోసేసుకున్నారు. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో రాజయ్య ఒక్కడే, నవ్వడానికి ప్రయత్నిస్తూ నడిచాడు. అంత కష్టపడి కుట్టినా కుట్టు పట్టలేదే అనుకున్నాను.

రంగులరాట్నం దగ్గర జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. కాసేపటికి యాదమ్మ గొంతు వినిపించింది. "శీనూ! ఓ శీనూ!" ఆమె చిన్నకొడుకు కనబడలేదు. మగవాళ్ళం తలో దిక్కుకు పరుగెత్తాం. రాజయ్య ఒక గాజుల దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు.

నేను వెతుకుతూ మిఠాయి దుకాణాల వైపు వెళ్ళాను. అక్కడ లక్ష్మి తన పిల్లల్ని కూడగట్టుకుని నిలబడి ఉంది. ఎవరో కొత్తమనిషి, ఏడుస్తున్న శీనును చంకనేసుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, గీ పిల్లగాడు మీ ఓడేనా? మీ చిలకలే ఉన్నయ్ ఒంటి మీద."

లక్ష్మి శీనును చూసింది. వాడి అంగీకి ఆమె కొడుకు చేతులున్నాయి. వాడు ముక్కు కారుస్తూ "చిన్నమ్మా" అని రెండు చేతులూ చాపాడు.

"మా ఓడే" అంది లక్ష్మి. "మా ఓడే అన్నా, సల్లగుండు."

కొంగుతో వాడి ముక్కు తుడిచింది. పీచుమిఠాయి కొనిచ్చింది. వాణ్ణి చంకనెత్తుకుని, జనాన్ని మోచేత్తో తోసుకుంటూ యాదమ్మ దగ్గరికి తనే వెళ్ళింది. నేను వెనకాలే ఉన్నాను.

"అక్కా, పిల్లగాన్ని జర చూసుకోవద్దా?" అంది.

యాదమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది. "నీ దగ్గరికే వచ్చిండు గద, ఇంకేం చూసుకునేది?" అని, కొడుకుతో పాటు లక్ష్మిని కూడా కలిపి పట్టుకుంది. ఇద్దరి రవికల చేతులూ ఒకదానికొకటి అంటుకుపోయి, ఏ చిలక ఎవరిదో నాక్కూడా తెలియలేదు, కుట్టినవాణ్ణి నాకు.

రాజయ్య మెట్టు మీద నుంచి లేచి, సంచి తెరిచి ఆకు తీసుకుని, దానికి సున్నం రాయడం మరిచిపోయి నోట్లో వేసుకున్నాడు.

ఆ తర్వాత వరసలు లేవు. పిల్లలు ఎవరి చెయ్యి దొరికితే ఆ చెయ్యి పట్టుకున్నారు. పెద్దకొడుకు చేతిరుమాలు తీసి తమ్ముడి కూతురి మూతి తుడిచాడు. తిరిగి వెళ్ళేటప్పుడు నిద్రకు తూలుతున్న పిల్లల్ని ఎవరు అందుకుంటే వాళ్ళు రిక్షాల్లో వేసుకున్నారు. ఇంటికి వచ్చాక చూస్తే మాకు పద్మ లేదు. నేను హడలిపోయాను. "ఎటు పోతది? చిలకలల్లనే ఉంటది" అంది సత్తెమ్మ.

పొద్దున్నే బేగం బజార్ వెళ్ళాను. దుకాణం మధ్య చెక్క చెక్కలాగే ఉంది. కానీ యాదమ్మ వంటింట్లో రెండిళ్ళ పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తింటున్నారు. నడుమ మా పద్మ. లక్ష్మి వడ్డిస్తోంది. అరుగు మీద రాజయ్య నన్ను చూసి, గంభీరంగా మొహం పెట్టాడు.

"ఏంది మాస్టరూ, గుడ్డ తీస్కపోను వచ్చినవా, పిల్లను తీస్కపోను వచ్చినవా?"

నేను వంటింట్లో ఉన్న పద్మ వైపు చూపించాను.

"గుడ్డయితె తీస్కపో" అన్నాడాయన. "పిల్ల మాది. ఈడ్నే ఉంటది."